డబ్లిన్‌లో గిరిగారి మూడేళ్ళు

మా ఇంట్లో ఇప్పుడు ఒకటే మాట, ఐర్లండ్. మా పెద్దమ్మ కూతురు, అంటే మా అప్ప, కిందటేడు ఎమ్మెస్‌కి డబ్లిన్ వెళ్ళింది. ఫైనలియర్‌లో ఉన్న నన్ను కూడా అదే దారి పట్టించాలని నాన్న ఆలోచన. లోను కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడానికి కూడా సిద్ధపడిపోయాడు. అమ్మకి మాత్రం మనసొప్పడం లేదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ళ మీద దాడులు జరుగుతున్నాయని టీవీలో చూసిన దగ్గర్నుంచీ ఆ ఊరి పేరెత్తితే చాలు ముఖం మాడ్చేస్తోంది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చేరు. వెళ్తే వెళ్ళు గానీ తల దించుకుని చదువుకో, ఊరి గొడవల్లోకి పోకు, పట్టా పుచ్చుకుని తిన్నగా వచ్చీ అని.

వాకట్లో మంచం మీద పడుకున్న తాత ఇదంతా విని, మరి గిరి కూడా అక్కడే కదా చదివేడు, ఆయనకి ఈ మాట చెప్పినవాళ్ళు లేకపోయేరా అన్నాడు.

తాత ఆముదాలవలసలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నాకు వి.వి.గిరి అంటే జీకే బిట్, దేశానికి నాలుగో రాష్ట్రపతి. తాతకి మాత్రం ఆయన యూనియన్ గిరి. ఇద్దరూ ఒకరేనని తెలుసు గానీ, ఆ మనిషి డబ్లిన్‌లో ఏం చేశాడో నాకు తెలీదు. పరీక్షలైపోయాక తీరిగ్గా చదివేను. చదివింది మీకూ చెప్పాలనిపించింది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశా. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు, బరంపురమూ మన శ్రీకాకుళమూ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మ కూడా తర్వాత రోజుల్లో ఉద్యమంలోకి దిగి అరెస్టయిన మనిషి. కొడుకుని 1913లో బారిస్టర్ చదువుకి పంపించారు. లండన్ కాదు, డబ్లిన్. అప్పుడు ఆ ఊరు కూడా మనలాగే ఇంగ్లీషువాళ్ళ కిందే ఉంది.

కింగ్స్ ఇన్స్‌లో లా చదువు. దానితో పాటు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో, అంటే ఇప్పుడు మన కన్సల్టెన్సీలవాళ్ళు యూసీడీ, యూసీడీ అంటూ ఊదరగొడుతున్న దాంట్లో, బీఏ క్లాసులు. మనదేశం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు ఇంకో డజను మంది దాకా ఉండేవారు. అర్థశాస్త్రం చెప్పింది ఫాదర్ థామస్ ఫిన్లే. రైతుల సహకార సంఘాల కోసం పనిచేసిన పాదిరీ ఆయన. ఇంగ్లీషు చెప్పింది థామస్ మాక్‌డొనా. ఈయన కవి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

క్లాసులో పాఠం ఒకటి, వీధిలో పాఠం ఒకటి. 1913 ఆగస్టులో డబ్లిన్ ట్రాము కార్మికులు బళ్ళు ఆపేశారు. యూనియన్‌లో ఉండం అని సంతకం పెడితేనే పని అన్నారు యజమానులు. సుమారు ఇరవై వేలమంది పనివాళ్ళు గేటు బయట పడ్డారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీ వాళ్ళ నాయకులు. నెలల తరబడి తిండికి మొహం వాచి, 1914 మొదట్లో ఓడిపోయి పనుల్లోకి తిరిగెళ్ళారు. గిరిగారు ఆ ఊళ్ళో అడుగుపెట్టిన ఏడాది జరిగిన సంగతి ఇది. లా పుస్తకంలో కాంట్రాక్టు అంటే ఇద్దరు సమానుల మధ్య ఒప్పందం. బయట కాంట్రాక్టు ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

1914లో యుద్ధం వచ్చింది. అప్పుడు గాంధీగారు లండన్‌లో ఉన్నారు. గిరిగారు డబ్లిన్ నుంచి వెళ్ళి కలిశారు. రెడ్‌క్రాస్ సేవకి రమ్మని గాంధీగారు అడిగితే సరేనన్నారు. తర్వాత బ్రిటిష్ వాళ్ళ యుద్ధానికి నేనెందుకు చెయ్యాలి అని మథనపడ్డారు. గాంధీగారు ఆయన్ని ఆ మాట నుంచి విడిచిపెట్టేశారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు అంత పెద్దమనిషికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం చిన్న విషయం కాదు. మా ప్రాజెక్టు గైడ్‌కి టాపిక్ మారుస్తామని చెప్పడానికే మాకు రెండు వారాలు పట్టింది.

ఇంకో పని కూడా చేశారు. దక్షిణాఫ్రికాలో మనవాళ్ళని పెడుతున్న బాధల మీద, తోటి భారతీయ విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం వేశారు. అది నిఘావాళ్ళ చేతిలో పడింది. అప్పట్నుంచీ డబ్లిన్‌లో ఉన్న మన కుర్రాళ్ళందరి మీదా పోలీసుల కన్ను. అమ్మ చెప్పినట్టు తల దించుకుని ఉంటే ఇదేదీ జరిగేది కాదు. అమ్మ భయం వట్టిది కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. ఐరిష్ తిరుగుబాటుదార్లు జనరల్ పోస్టాఫీసు పట్టుకుని రిపబ్లిక్ ప్రకటించారు. ఆ ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో కానలీ ఒకడు, ఇంగ్లీషు మాస్టారు మాక్‌డొనా ఒకడు. బిస్కెట్ల ఫ్యాక్టరీని ఆక్రమించిన దళానికి ఆ మాస్టారే కమాండర్. ఆరో రోజుకి లొంగిపోయారు. మే 3న మాక్‌డొనాని కాల్చి చంపారు. కానలీకి గాయాలై లేవలేని స్థితిలో ఉంటే, మే 12న కుర్చీకి కట్టి మరీ కాల్చారు.

ఇక్కడ కాసేపు ఆగిపోయాను. మనకి క్లాసు చెప్పిన సారు, అటెండెన్సు తీసుకున్న సారు, ఓ పొద్దున్న ప్రభుత్వం చేతిలో చచ్చిపోవడం ఎలా ఉంటుంది? ఆ తర్వాత పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయా?

భారతీయ విద్యార్థుల గదుల్లో సోదాలు జరిగాయి. తిరుగుబాటు నాయకులతో సంబంధాలున్నాయని గిరిగారి మీద అనుమానం. జూన్ 1న నోటీసు అందింది, నెలరోజుల్లో దేశం విడిచిపెట్టాలని. జూన్ 21న కింగ్స్ ఇన్స్ వాళ్ళు ఆయన్ని బారిస్టర్‌గా తీసుకున్నారు. వెళ్ళిపొమ్మన్న కాగితం వచ్చిన ఇరవయ్యో రోజున లాయరయ్యారన్నమాట. బీఏ మాత్రం పూర్తి కాలేదు. యూసీడీలో ఆయన డ్రాపౌట్! ఈ ముక్క నాన్నకి ఇంకా చెప్పలేదు.

వచ్చాక మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి, అంత కష్టపడి తెచ్చుకున్న గౌనుని 1920లో సహాయ నిరాకరణ కోసం వదిలేశారు. తర్వాత పట్టుకున్నది రైలు పట్టాలు. పలాస, ఆముదాలవలస, విజయనగరం మీదుగా వాల్తేరు దాకా పోయే మన లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే, తాత భాషలో బియ్యెన్నార్. ఆ కార్మికులకి సంఘం కట్టారు. పనివాళ్ళని తీసేస్తున్నారని 1928లో జరిగిన సమ్మెని చెయ్యి చేసుకోకుండా నడిపించి, కంపెనీని దారికి తెచ్చారు. ఎన్నికల్లోకి దిగితే 1937లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించారు. 1952లో మా పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదిలేశారు.

నాకు నచ్చని అధ్యాయం కూడా ఉంది. 1957లో పార్వతీపురం రెండు సీట్ల నియోజకవర్గం, ఒకటి గిరిజనులకి, ఒకటి జనరల్. రెండూ గిరిజనులే గెలిచారు. గిరిగారు డిప్పల సూరిదొర చేతిలో కొద్ది ఓట్లతో ఓడిపోయారు. జనరల్ సీటు గిరిజనుడికి చెందదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఎక్కువ ఓట్లొస్తే చెందుతుందనే కోర్టు తేల్చింది. డబ్లిన్‌లో అన్ని చూసిన మనిషి ఆ కేసు ఎందుకు వేశారా అని నాకిప్పటికీ ముడి విడలేదు. తాతని అడిగితే, ఓడిపోతే ఎవుడికైనా మండుద్ది అనేసి అటు తిరిగి పడుకున్నాడు.

1969లో రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980లో మద్రాసులో పోయారు. ఇవన్నీ జీకే పుస్తకంలో ఉన్నాయి.

ఇదంతా వాట్సాప్‌లో అప్పకి చెప్పేను. అప్పది వారానికి ఇరవై గంటల పార్ట్‌టైము, ఓ సూపర్‌మార్కెట్లో. చలికాలం నాలుగున్నరకే చీకటి పడిపోతుందని ఎప్పుడూ గొణుగుతుంది. అయినా ఆదివారం షిఫ్టుకి ముందు ఎర్ల్స్‌ఫోర్ట్ టెరస్ వెళ్ళింది. పాత యూసీడీ అక్కడే ఉండేది, ఇప్పుడది నేషనల్ కన్సర్ట్ హాల్. రెండు ఫొటోలు పెట్టింది. ఒకటి ఆ రాతి స్తంభాల భవనం, రెండోది పక్కనున్న స్టీఫెన్స్ గ్రీన్ దగ్గర ఆగివున్న ట్రాము. వచ్చేటప్పుడు చింతపండూ ఇంగువా మర్చిపోవద్దని కింద రాసింది, నేను వచ్చేస్తున్నట్టే.

ఫోన్ తాతకిచ్చేను. భవనం వైపు పెద్దగా చూడలేదు. ట్రాము ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఈ బండి తోలేవాళ్ళకి ఇప్పుడు యూనియన్ ఉందేటో కనుక్కోమన్నాడు. అప్పకి మెసేజ్ పెట్టేను. షిఫ్టయ్యాక చూసి చెప్తానంది.