రేవెన్స్‌క్రాఫ్ట్ కీర్తనల పుస్తకానికి నాలుగు వందల ఏళ్లు

1621లో లండన్‌లో అచ్చయిన థామస్ రేవెన్స్‌క్రాఫ్ట్ సంకలనం ‘ది హోల్ బుక్ ఆఫ్ సామ్స్’కు 2021లో నాలుగు వందల ఏళ్లు నిండాయి. దావీదు కీర్తనలకు ఇంగ్లీషు పద్యరూపాలు, వాటికి నాలుగు గొంతుల స్వరరచనలు. వాద్యం లేకున్నా నలుగురుంటే చాలు. కరోనా వల్ల పెద్ద క్వాయర్లెన్నో మూగబోయిన కాలంలో ఈ పుస్తకానికి పండుగ రావడం నాకెంతో సంతోషం కలిగించింది.

మాటలు కొత్తవి కావు. స్టెర్న్‌హోల్డ్, హాప్కిన్స్ తదితరులు రాసిన పద్యాలను 1562లోనే జాన్ డే పూర్తి పుస్తకంగా అచ్చువేశారు. ఎక్కువ కీర్తనల్లో పాదాలకు వరుసగా 8, 6, 8, 6 అక్షరాలు. ఒక పద్యానికి కట్టిన వరుసలో అదే ఛందస్సులోని మరో పద్యాన్ని పాడుకున్నట్టే, ఇక్కడా ఒక్క వరుస వస్తే ఎన్నో కీర్తనలు పాడవచ్చు.

రేవెన్స్‌క్రాఫ్ట్ గొప్పతనం ఆ వరుసను నిలిపిన చోట ఉంది. అందరికీ తెలిసిన పాటను పై గొంతుకివ్వకుండా, నాటి ఆనవాయితీ ప్రకారం నడిమి గొంతైన టెనర్‌కిచ్చారు. పైన రెండు గొంతులు, కింద బేస్, నడుమ అసలు పాట. సంగీతం చదవని భక్తుడు తనకొచ్చిన వరుసనే పాడతాడు. చుట్టూ విద్వాంసుల పనితనం అల్లుకుంటుంది. పామరుణ్ని, పండితుణ్ని ఇంత మర్యాదగా పక్కపక్కన నిలబెట్టిన పుస్తకాలు అరుదు.

నూరుకు పైగా ఉన్న స్వరరచనల్లో దాదాపు సగం రేవెన్స్‌క్రాఫ్ట్‌వే. మిగతావాటికి కర్తల పేర్లు వేశారు: టాలిస్, మోర్లీ, డౌలండ్, టామ్‌కిన్స్. వారి సరసన జాన్ మిల్టన్ అనే దస్తావేజు లేఖరి. మహాకవి మిల్టన్‌కు తండ్రి ఈయనే. యార్క్, నార్విచ్ అనే వరుసలకు ఆయన కూర్చిన స్వరాలు ఇందులో ఉన్నాయి. కొడుక్కి అప్పుడు పన్నెండేళ్లు. పదిహేనో ఏట ఆ పిల్లవాడూ రెండు కీర్తనలను పద్యాల్లోకి మార్చాడు. ఆ ఇంట్లో ఏం వినబడుతూ ఉండేదో ఊహించడం కష్టం కాదు.

పుస్తకం సముద్రమూ దాటింది. 1640లో మసాచుసెట్స్‌లో అచ్చయిన ‘బే సామ్ బుక్’లో స్వరాలు లేవు, వరుసల కోసం రేవెన్స్‌క్రాఫ్ట్‌ను చూడమని అందులోనే రాశారు.

సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ తెలిసిన మన తెలుగు క్వాయర్లూ యార్క్ వరుసను ఒక్కసారి పాడాలని నా కోరిక. టెనర్లను మాత్రం వెనక వరుసలో నిలబెట్టకండి.