మిర్చా ఎలియాడె: ఒకే జీవితం, మూడు కథనాలు

1933లో బుకారెస్ట్‌లో వెలువడిన ఒక నవలలో కథకుని పేరు కల్పితం. కథానాయిక తండ్రి పేరు, వృత్తి కూడా కల్పితాలే. కథానాయిక పేరు మాత్రం కలకత్తాలో నివసిస్తున్న ఒక యువతి అసలు పేరు. ఆ నవల 'మైత్రేయి'. రచయిత, అనంతర కాలంలో మతచరిత్ర పరిశోధకునిగా ప్రపంచఖ్యాతి పొందిన మిర్చా ఎలియాడె.

భవానీపూర్ ఇల్లు

1907లో బుకారెస్ట్‌లో జన్మించిన ఎలియాడె, సురేంద్రనాథ్ దాస్‌గుప్తా రచించిన భారతీయ తత్త్వశాస్త్ర చరిత్రను చదివి ఆకర్షితులయ్యారు. కాశింబజార్ మహారాజు మణీంద్ర చంద్ర నంది ఆర్థిక సహాయంతో 1928 చివర భారతదేశానికి వచ్చి, కలకత్తాలో దాస్‌గుప్తా వద్ద శిష్యరికం చేశారు. 1930లో గురువు ఆయనను భవానీపూర్‌లోని తమ ఇంటికే ఆహ్వానించారు. అక్కడే గురువు కుమార్తె మైత్రేయితో పరిచయం ఏర్పడింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. ఆమె తొలి కవితా సంపుటికి రవీంద్రనాథ్ ఠాగూర్ పీఠిక రాశారు. వారి అనురాగం బయటపడగానే, అదే ఏడాది సెప్టెంబరులో ఎలియాడె ఆ ఇల్లు విడవవలసి వచ్చింది. కొన్ని నెలలు రుషికేశ్‌లో గడిపి, 1931 చివర స్వదేశానికి మరలారు.

దినచర్య నవలైన కాలం

ఆనాటి రొమేనియా యువ రచయితలు కల్పనకన్నా స్వానుభవానికి పెద్దపీట వేశారు. 'మైత్రేయి'కి బహుమతి లభించింది, రచయితకు పేరు తెచ్చింది. 1935లో తన భారతదేశపు దినచర్య పుటలతోనే ఎలియాడె మరో గ్రంథం కూర్చి, దానిని పరోక్ష నవలగా పేర్కొన్నారు. స్మృతి ఎక్కడ ముగిసిందో, కల్పన ఎక్కడ మొదలైందో పాఠకునికి తెలిసే మార్గం లేదు.

ఆమె సమాధానం

ఆ నవలలో ఏముందో మైత్రేయీ దేవికి వివరంగా తెలిసింది 1972లో, కలకత్తా వచ్చిన ఒక రొమేనియా పండితుని ద్వారా. మరుసటి ఏడాది ఆమె షికాగో వెళ్లి, విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా ఉన్న ఎలియాడెను కలుసుకున్నారు. 1974లో బెంగాలీలో 'న హన్యతే' ప్రచురించారు. ఆమె తన పేరును అమృతగా మార్చుకున్నారు. ఆయనకు మిర్చా అన్న పేరు ఉంచి, ఇంటిపేరు మాత్రం మార్చారు. తమ మధ్య శారీరక సంబంధం ఉన్నట్లు ఆయన చిత్రించిన ఘట్టాలు అవాస్తవమని ఆ కథనం స్పష్టం చేస్తుంది. 1976లో ఆ రచనకు సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

మిత్రుని దినచర్య

మూడవ కథనం మరింత కఠినమైనది. 1930వ దశకంలో ఎలియాడె 'ఐరన్ గార్డ్' అనే ఫాసిస్టు ఉద్యమాన్ని సమర్థించారు. తదనంతరం రాసిన ఆత్మకథలో ఆ సమర్థనకు సూటిగా బాధ్యత వహించలేదు. ఆయన మిత్రుడైన యూదు రచయిత మిహాయిల్ సెబాస్టియన్ మాత్రం 1935 నుంచి 1944 వరకు రాసుకున్న దినచర్యలో, స్నేహితుడు ద్వేష రాజకీయాల వైపు జరిగిపోవడాన్ని నమోదు చేశారు. 1996లో ఆ దినచర్య అచ్చయ్యేనాటికి వారిద్దరూ జీవించి లేరు.

ఎలియాడె 1986లో షికాగోలో మరణించారు. మైత్రేయీ దేవి 1990లో కన్నుమూశారు. 1994లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన నవలనూ, ఆమె సమాధానాన్నీ ఆంగ్లంలో వెలువరించింది. రెండు దశాబ్దాలపాటు విడివిడిగా ఉన్న ఆ రెండు కథనాలను పక్కపక్కన ఉంచి చదివే వీలు ఆంగ్ల పాఠకులకు అలా కలిగింది.