ఒట్టు వెనక్కి తీసుకున్న సిద్దీఖ్ (రజి)

మనిషి అన్నాక తప్పు చేస్తాడు. ఆదమ్ సంతానంలో పొరపాటు చేయని సామాన్యుడు లేడు. అయితే ఎదుటివారి తప్పు మన కంటబడినప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఒకరు దాన్ని నలుగురికీ చేరవేస్తారు. ఇంకొకరు విని నవ్వుకుంటారు. మరొకరు మనకెందుకులే అని ఊరుకుంటారు. ఆ తప్పు వల్ల గాయపడింది మనమే అయితే, ఇక ఆ ఇంటి గుమ్మం తొక్కమని ఒట్టు పెట్టుకుంటాం. తప్పు చేసినవానికి ఒక పరీక్ష ఉంటే, దాన్ని చూసినవానికి, విన్నవానికి మరొక పరీక్ష ఉంది. ఈ రెండో పరీక్షను దివ్య ఖుర్‌ఆన్ నూర్ సూరాలో ఎంతో వివరంగా మన ముందుంచింది. అందులోని ఒక ఆయత్ హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) విషయంలో అవతరించింది. ఆ మహనీయుని జీవితాన్ని ఈసారి ఆ ఆయత్ వెలుగులో చూద్దాం.

మక్కా వర్తకుడు

ఆయన అసలు పేరు అబ్దుల్లాహ్. తండ్రి ఉస్మాన్‌ను అందరూ అబూ ఖుహాఫా అని పిలిచేవారు. వారిది ఖురైష్ తెగలోని బనూ తైమ్ వంశం. అబూబక్ర్ (రజి) దైవప్రవక్త (స) కంటే రెండేళ్లకు పైగా చిన్నవారు. బట్టల వ్యాపారం చేసేవారు. అరబ్బుల వంశావళులు ఆయనకు కంఠస్థం. ఏ ఇంట్లో ఏ మంచి ఉందో, ఏ చెడు ఉందో ఖురైష్‌లో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని చరిత్రకారులు రాశారు. మామూలుగా మన గుట్టు తెలిసిన మనిషి దగ్గర కూర్చోవడానికి మనం జంకుతాం. కానీ మక్కా ప్రజలు ఆయన సాంగత్యాన్ని కోరి వచ్చేవారు. ఆయన నోటిమీద వారికి అంత నమ్మకం.

వయోజనులైన స్వతంత్ర పురుషుల్లో ఇస్లాం స్వీకరించిన మొదటి వ్యక్తి ఆయనే. అప్పటికి ఆయన వద్ద 40,000 దిర్హములు ఉండేవని ఉల్లేఖనాల్లో ఉంది. హింసలు అనుభవిస్తున్న హజ్రత్ బిలాల్ (రజి), ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) వంటి బానిసలను కొని విడిపించడానికి ఆ సొమ్ము ఖర్చయింది. క్రీ.శ. 622లో హిజ్రత్ ప్రయాణంలో సౌర్ గుహలో దైవప్రవక్త (స)కు తోడుగా ఉన్నదీ ఆయనే. ఇచ్చే గుణం ఆయన స్వభావంలోనే ఉంది. అయితే ఇష్టమైనవారికి ఇవ్వడం వేరు, గుండెను గాయపరచినవారికి ఇవ్వడం వేరు. అల్లాహ్ ఆయనను ఆ రెండో మెట్టుకు కూడా చేర్చదలిచాడు.

మిస్తహ్ ఎవరు?

మిస్తహ్ బిన్ ఉసాసా (రజి) తల్లి, హజ్రత్ అబూబక్ర్ (రజి) తల్లిగారి సోదరి కూతురు. మన వరసల్లో చెప్పాలంటే మిస్తహ్ ఆయనకు మేనల్లుడు. నిరుపేద. ధర్మం కోసం మక్కా విడిచి వచ్చిన ముహాజిర్. క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవాడు. అతని తిండి, బట్ట అంతా అబూబక్ర్ (రజి) పుణ్యమే.

హిజ్రత్ జరిగిన ఐదారేళ్లకు ముస్లింల సైన్యం బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తోంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పోగొట్టుకున్న హారం వెదుక్కుంటూ వెనకబడిపోయారు. ఆమె పల్లకీలోనే ఉన్నారనుకుని సైన్యం సాగిపోయింది. వెనక వస్తున్న సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను తన ఒంటెపై కూర్చోబెట్టి, తాను నడుస్తూ సైన్యం దగ్గరికి చేర్చారు. జరిగింది ఇంతే. కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై దీన్ని పట్టుకుని ఘోరమైన అపనింద అల్లాడు. దాన్ని నోటికెత్తుకున్నవారిలో కపటులు కాని ముస్లిములు కూడా ఉన్నారు. వారిలో ఒకడు మిస్తహ్.

ఒక్కసారి ఆలోచించండి. నింద పడింది కన్న కూతురి మీద. నింద మోసినవాడు తన అన్నం తిన్న బంధువు.

నెల రోజుల పరీక్ష

సుమారు నెల రోజుల పాటు మదీనా ఆ మాటతో అట్టుడికింది. హజ్రత్ ఆయిషా (రజి) జబ్బుపడి ఉండటం వల్ల ఆమెకు సంగతే తెలియదు. ఒక రాత్రి మిస్తహ్ తల్లితో కలిసి బయటికి వెళ్లినప్పుడు, ఆ తల్లి తన వస్త్రం కాలికి చుట్టుకుని తూలి, తన కొడుకును శపించింది. బద్ర్‌లో పాల్గొన్న మనిషిని అలా తిట్టవచ్చా అని ఆయిషా (రజి) అభ్యంతరం చెప్పారు. అప్పుడుగాని ఆ తల్లి అసలు విషయం బయటపెట్టలేదు. అంటే తనపై నింద వేసినవాని గౌరవాన్ని ఆమె తెలియకుండానే కాపాడుతున్నారు!

ఆ రోజుల్లో ఎవరు ఎలా ప్రవర్తించారో చూడండి. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) ఆయిషా (రజి)కి సవతి. ఆమె సోదరి హమ్నా నిందను ప్రచారం చేస్తోంది. కానీ జైనబ్ (రజి) తనకు మంచి తప్ప మరేమీ తెలియదని చెప్పి నాలుకను కాపాడుకున్నారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి), ఆయన భార్య ఇంట్లో కూర్చుని, మనమైతే అలాంటి పని చేస్తామా, మనకంటే ఉత్తములు ఎలా చేస్తారు అని మాట్లాడుకున్నారు. వార్త ఒక్కటే. విన్న చెవులే వేరు.

చివరికి హజ్రత్ ఆయిషా (రజి) నిర్దోషి అని ప్రకటిస్తూ నూర్ సూరాలోని ఆయతులు అవతరించాయి. విన్న వెంటనే తమవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని, తెలియని విషయాన్ని నోటితో ఎందుకు మోశారని అల్లాహ్ విశ్వాసులను నిలదీశాడు. మీరు దాన్ని చిన్న విషయం అనుకున్నారు గాని అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దదని హెచ్చరించాడు. అపనిందకు ఖుర్‌ఆన్ విధించిన శిక్ష 80 కొరడా దెబ్బలు. మిస్తహ్‌తో సహా ముగ్గురిపై శిక్ష అమలైనట్టు హదీసు గ్రంథాల్లో ఉంది.

ఒట్టు, ఆయత్

కూతురి పవిత్రత రుజువయ్యాక హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇకపై మిస్తహ్‌కు ఏమీ ఇవ్వనని ప్రమాణం చేశారు. లోకం దృష్టిలో ఇందులో తప్పేముంది? ఆయన అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. తన సొమ్ము తాను ఆపుకున్నారు. అయినా అల్లాహ్ తన ప్రియ దాసుణ్ణి అక్కడ ఆగనివ్వలేదు. నూర్ సూరా 22వ ఆయత్ అవతరించింది. అనుగ్రహం, స్తోమత కలిగినవారు బంధువులకు, నిరుపేదలకు, అల్లాహ్ మార్గంలో ఇల్లు విడిచి వచ్చినవారికి ఇవ్వబోమని ప్రమాణం చేయరాదని, క్షమించి, చూసీచూడనట్టు పోవాలని అందులో ఆదేశం ఉంది. అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీకు మాత్రం లేదా అన్న ప్రశ్న కూడా ఉంది.

ఈ ఆయత్‌లో ఒక విషయాన్ని పాఠకులు గమనించాలని మా మనవి. మిస్తహ్ అప్పటికి నిందారోపకుడిగా శిక్షార్హుడు. కానీ అల్లాహ్ ఇక్కడ అతన్ని ఆ పేరుతో ప్రస్తావించలేదు. బంధువు, పేద, ముహాజిర్ అని మూడు లక్షణాలతో గుర్తుచేశాడు. ఒక్క తప్పు మనిషిలోని మిగతావన్నీ తుడిచేయదన్నమాట. మనమైతే ఎవరైనా ఒకసారి జారితే ఆ తప్పునే వారికి ఇంటిపేరు చేస్తాం.

ఆయత్ వినగానే హజ్రత్ అబూబక్ర్ (రజి) తనకు అల్లాహ్ క్షమాపణే కావాలన్నారు. ఇదివరకటిలాగే మిస్తహ్‌కు ఖర్చులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇకపై ఎన్నడూ ఆపనని మరో ప్రమాణం చేశారు.

తన తప్పు వచ్చినప్పుడు

ఎదుటివారిని క్షమించినవాడు తన తప్పు దగ్గర ఎలా ఉంటాడో కూడా ఆయన జీవితంలో చూడవచ్చు. ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి)తో మాటామాటా వచ్చింది. అబూబక్ర్ (రజి) తొందరపడ్డానని గ్రహించి వెంటనే క్షమాపణ కోరారు. ఉమర్ (రజి) ఒప్పుకోలేదు, తర్వాత ఆయనా పశ్చాత్తాపపడ్డారు. విషయం దైవప్రవక్త (స) దాకా వెళ్లినప్పుడు ఆయన ముఖకవళికలు మారాయి. ఉమర్ (రజి)పై కోపం వస్తుందేమోనని అబూబక్ర్ (రజి) మోకాళ్లపై కూర్చుని, తప్పు ఎక్కువగా తనదేనని రెండుసార్లు విన్నవించుకున్నారు. క్రీ.శ. 632లో ఖలీఫా అయ్యాక తొలి ప్రసంగంలోనే, తాను దారి తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు.

మన ఇళ్లలో

విజయనగరం జిల్లా రామతీర్థం పరిసరాల వంటి ప్రాంతాలను తీసుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ జిల్లాలో ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. ఉన్న కొద్ది కుటుంబాల్లో ఒకరి తప్పు సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. పెళ్లి సంబంధం దగ్గర పడిన ఒక్క మాటకు, ఆస్తి పంపకంలో వచ్చిన ఒక్క తగాదాకు అన్నదమ్ములు ఏళ్ల తరబడి సలాం చెప్పుకోరు. పండుగ నాడు ఒకరి సేమియా మరొకరి ఇంటికి చేరదు. చివరికి జనాజా మోయడానికి నాలుగో భుజం కోసం వెతుక్కోవలసి వస్తుంది. ఆనాటి ఒట్టు ఎంత న్యాయంగా అనిపించినా, దాని ఫలితం ఇదే.

అయితే క్షమ అంటే అన్యాయాన్ని కప్పిపుచ్చడం కాదు. అల్లాహ్ మిస్తహ్ శిక్షను రద్దు చేయలేదు. అతని అన్నం ఆపవద్దన్నాడు. కోడల్ని హింసించే కొడుకు తప్పును దాచడం, అనాథ ఆస్తి మింగినవాణ్ణి వెనకేసుకురావడం క్షమాగుణం కాదు. అక్కడ గాయపడింది వేరొకరు. వారి హక్కును క్షమించే అధికారం మనకు లేదు. మన హక్కు విషయంలో మాత్రం మనసు పెద్దది చేసుకోవాలి. హజ్రత్ ఆయిషా (రజి) కూడా అలాగే చేశారు. నిందలో పాలుపంచుకున్న కవి హస్సాన్ బిన్ సాబిత్ (రజి)ను తన ముందు ఎవరైనా దూషిస్తే, ఆయన దైవప్రవక్త (స) తరఫున కవిత్వంతో పోరాడినవాడని గుర్తుచేసి వారించేవారు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండేళ్లకు పైగా ఖిలాఫత్ బాధ్యతలు నిర్వహించి, హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో 63 ఏళ్ల వయసులో పరమపదించారు. ఏ కూతురి కన్నీళ్లు ఆయన చేత ఒట్టు పెట్టించాయో, ఆ కూతురి గదిలోనే దైవప్రవక్త (స) పక్కన ఆయనను ఖననం చేశారు.

సోదర సోదరీమణులారా! మనం మాటలు మానేసిన బంధువు ఎవరో మనందరికీ తెలుసు. మన క్షమాపణ కోసం అల్లాహ్ ముందు చేతులు చాచే ముందు, ముడుచుకున్న మన చేతిని ఆ బంధువు వైపు చాచుదాం. అల్లాహ్ మన నాలుకలను ఇతరుల గౌరవానికి కాపలాగా చేయుగాక! మన హృదయాల్లోని కక్షలను కడిగివేయుగాక! ఆమీన్.