ఆకాశ పటాల పంతులుగారు

మా మనుమడు నిరుడు హాలెండు నుంచి వస్తూ ఒక పాత ఆకాశ పటం నకలు తెచ్చాడు. మధ్యలో భూమి, చుట్టూ వలయాలుగా చంద్రుడు మొదలు శని వరకు గ్రహాలు. కర్త ఆండ్రియాస్ సెల్లారియస్. ఆయన కూడా మనబోటి జీతగాడే కనుక ఆ జీవితం మిత్రులకు చెప్పాలనిపించింది.

1596 ప్రాంతంలో జర్మనీలోని వర్మ్స్ పట్టణం దగ్గర జన్మించారు. హైడెల్‌బర్గులో చదివి, హాలెండు చేరి, 1625లో అక్కడే పెళ్లి చేసుకుని బడిపంతులయ్యారు. 1637 నుంచి కన్నుమూసేదాకా హూర్న్ అనే రేవుపట్నంలో లాటిన్ పాఠశాలకు హెడ్మాష్టరు. మన పాలకొల్లులో బట్టల వర్తకం చేసిన డచ్చి కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి ఆ ఊళ్లోనే ఉండేది. ఉద్యోగం చేస్తూనే కోటల నిర్మాణం గురించి, పోలెండు దేశం గురించి పుస్తకాలు రాశారు. పేరు తెచ్చింది మాత్రం 1660లో, మనమంతా రిటైరైపోయే వయస్సు దాటాక, ఆమ్‌స్టర్‌డాములో అచ్చయిన హార్మోనియా మాక్రోకాస్మికా. అందులో 29 పటాలు.

అప్పటికి కోపర్నికస్ గ్రంథం వెలువడి 117 ఏళ్లు, గెలీలియోకు శిక్ష పడి 27 ఏళ్లు. సెల్లారియస్ ఎవరినీ వెలివేయలేదు. టాలెమీ భూకేంద్ర పటం, టైకో బ్రాహే మధ్యేమార్గం, కోపర్నికస్ సూర్యకేంద్ర పటం, మూడింటినీ ఒకే శ్రద్ధతో ఒకే పుస్తకంలో పెట్టారు.

ఆ ఓర్పు నాకు లేకపోయింది. మా నాన్నగారు కోనసీమలో పంచాంగం చెప్పేవారు. నాకు హోరల వరస నేర్పేవారు: శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. శనివారం మొదటి హోర శనిది. అలా లెక్కిస్తే ఇరవై అయిదోది, అంటే మర్నాటి ఉదయానిది, రవిది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. ఆరో తరగతిలో భూమే సూర్యుని చుట్టూ తిరుగుతుందని విని వచ్చి, ముహూర్తానికి వచ్చిన నలుగురి ఎదుట మీ లెక్కంతా తప్పు నాన్నగారూ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి పాఠం మానేశారు. నేనూ అడగలేదు. ఆ గణితం మా ఇంట ఆయనతోనే పోయింది.

ఆ పటం మీద బయటి వలయం నుంచి లోపలికి వేలుపెట్టి చదివాను. అదే వరస! నెమ్మదిగా కదిలేది దూరంగా, వడిగా కదిలేది దగ్గరగా ఉంటుందని కట్టిన వరస. మన సూర్యసిద్ధాంతంలోనూ అదే.

సెల్లారియస్ 1665లో హూర్న్‌లో మరణించారు. ఆయన పటాలు 1708లో మళ్లీ అచ్చయ్యాయి. న్యూటన్ గ్రంథం వచ్చి అప్పటికి 21 ఏళ్లు. అయినా భూకేంద్ర పటాన్ని ఎవరూ తీసివేయలేదు.