మధుర వీరుడు

మధుర మీనాక్షీ ఆలయమును దర్శించువారు తూర్పు గోపురము చెంత ఒక చిన్న సన్నిధిని చూడగలరు. అందు వెలసినవాడు మధుర వీరుడు. తమిళనాట ననేక గ్రామముల పొలిమేరలయందు ఖడ్గమును ధరించి కావలి కాయు ఈ దేవుడు ఒకనాడు మనవలె నరుడేయని జనుల నమ్మకము. జానపదులు పాడుకొను అతని కథను మేము విన్నంతవరకు తెలుపుచున్నాము.

కాశీరాజునకు పుట్టిన శిశువు మెడకు బొడ్డుత్రాడు చుట్టుకొని యుండెనట. అది రాజ్యమునకు కీడని జ్యోతిష్కులు చెప్పగా శిశువును అడవిలో విడిచిరి. తోలుపని చేసి జీవించు అరుంధతీయ దంపతులు వానిని తెచ్చి ప్రాణముగా పెంచిరి. పిమ్మట వారు దక్షిణమునకు వచ్చి బొమ్మణ్ణ నాయకుడను పాలెగాని కొలువున చేరిరి.

పాలెగాని కుమార్తె బొమ్మి రజస్వలయై వేరుగా కుటీరమున నుండెను. ఆమెకు కావలి యుండవలసిన తండ్రికి మారుగా ఒక వానరాత్రి వీరుడు పోయెను. వారిరువురకు ప్రేమ కలిగెను. ఇరువురును వెడలిపోగా పాలెగాడు సేనతో వెంటాడి, పోరున మడిసెను.

వీరుని పరాక్రమమును మెచ్చి తిరుచిరాపల్లి ప్రభువు తన కొలువున నుంచుకొనెను. అళగర్ కొండ ప్రాంతపు దొంగలను అణచుటకై అతనిని మధురకు పంపెను. వీరుడు ఆ కార్యమును నెరవేర్చెను గాని, అచట వెళ్ళైయమ్మాళ్ అను నర్తకిని ప్రేమించి రాజాగ్రహమునకు గురియయ్యెను. ఒక చేయి, ఎదుటి ప్రక్క కాలు నరుకుడని తిరుమల నాయకుడు ఆజ్ఞాపించెను. బొమ్మియు వెళ్ళైయమ్మాళును అతనితోడనే ప్రాణములు విడిచిరి. నిజ మెరిగి రాజు పశ్చాత్తాపము నొంది గుడి కట్టించెనని కథ.

తిరుమల నాయకుడు 1623 మొదలు 1659 వరకు ఏలినవాడు. కొన్ని పాఠములలో తిరుచిరాపల్లి ప్రభువుగా కనబడు విజయరంగ చొక్కనాథుడో పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభమున ఏలినవాడు. ఇట్లు పాటలో కాలములు కలిసిపోయినవి. కాశీరాజు కథయు పిమ్మట చేర్చినదేయని పలువురు పరిశోధకుల తలంపు. అరుంధతీయుని బిడ్డ పాలెగాని కూతును పెండ్లాడుట సహింపలేనివారు అతనికి రాజజన్మమును కల్పించిరని వారందురు.

మధుర నేలిన నాయకులు తెలుగువారు. తమిళనాటి అరుంధతీయులలో పెక్కుమంది ఇండ్లలో నేటికిని తెలుగే వినబడును. శిక్షించినవాడును శిక్ష ననుభవించినవాడును ఒకే భాష వారై యుందురేమో! భాష ఒకటైనను కులభేదము వారిని కలియనీయలేదు. విద్యార్థులమైన మన మీ కథనుండి గ్రహింపవలసిన దిదియే. జ్యోతిష్కుల మాటకు వెరచి బిడ్డను విడిచినది రాజగృహము. వానిని వీరుని జేసినవి తోలుపని చేసిన చేతులు. ఆ సన్నిధి ముందు నిలిచినపుడు మనము ఆ తల్లిదండ్రులకును నమస్కరింతము.