రజనీ కామెడీకి ప్రాణం పోసిన ‘టెంకాయ’ శ్రీనివాసన్
రజనీకాంత్ అంటే అప్పటికి ఫైట్లు, సిగరెట్ స్టైల్. అలాంటి హీరోతో 1981లో కె.బాలచందర్ ఫుల్ లెంగ్త్ కామెడీ తీశారు. అదే ‘తిల్లు ముల్లు’. హిందీ హిట్ ‘గోల్ మాల్’కి రీమేక్.

రిస్క్ రజనీ ఒక్కడిదే కాదు. హిందీలో బాస్ పాత్రకు ఉత్పల్ దత్ ఫిల్మ్‌ఫేర్ అవార్డే కొట్టేశారు. తమిళంలో ఎవరు చేసినా పోలిక తప్పదు. ఆ బరువు తేంగాయ్ శ్రీనివాసన్ మీద పడింది.

‘కల్ మనం’ నాటకంలో కొబ్బరికాయలమ్మే వేషం వేశారు ఆయన. అది చూసిన హాస్యనటుడు తంగవేలు పెట్టిన పేరే తేంగాయ్. అంటే మన టెంకాయే! 1972లో ‘కాసేదాన్ కడవులడా’లో దొంగ స్వామిగా చెలరేగిపోయారు.

‘తిల్లు ముల్లు’లో ఆయన మురుగన్ భక్తుడైన బాస్. మీసం ఉంటే ఇంద్రన్, లేకపోతే తమ్ముడు చంద్రన్ అంటూ రజనీ ఆడే నాటకాన్ని అమాయకంగా నమ్మేస్తాడు. అనుమానం మొదలయ్యాకే అసలు మజా. మన షావుకారు జానకి దొంగ తల్లిగా, మాధవి హీరోయిన్‌గా చేశారు. ఉత్పల్ దత్‌ను కాపీ కొట్టకుండా తనదైన గొంతుతో, విరుపుతో తేంగాయ్ ఆ పాత్రను సొంతం చేసుకున్నారు. ఇద్దరూ ఎదురుపడిన సీన్లలో కళ్లు రజనీ మీద కన్నా ఆయన మీదే ఆగుతాయి.

సినిమా హిట్టయింది. రజనీ కామెడీ చేయగలడని తేలిపోయింది. తేంగాయ్ మాత్రం 1987 నవంబర్ 9న, 50 ఏళ్లకే బెంగళూరులో కన్నుమూశారు. 2013లో ‘తిల్లు ముల్లు’ మళ్లీ తీసినప్పుడు ఆ బాస్ కుర్చీలో కూర్చున్నది ప్రకాశ్ రాజ్.