ఒంటి కన్నుతో జట్టును నడిపిన పటౌడీ

జనగామ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి యువకులు రంజీలో చోటు కోసం కలలుగనే హైదరాబాద్ జట్టుకు ఒకనాడు ఒక కన్ను చూపులేని క్రీడాకారుడు ఆడారు. ఆయనే మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. టెస్టుల్లో ఎం.ఎల్.జయసింహకు ఆయన సారథి కాగా, హైదరాబాద్ జట్టులో జయసింహే ఆయనకు సారథి.

1941 జనవరి 5న భోపాల్‌లో పటౌడీ జన్మించారు. పదకొండో పుట్టినరోజునే తండ్రి పోలో ఆడుతూ కన్నుమూశారు. 1961 జూలైలో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదం కుడికంటి చూపును హరించింది. అయినా పట్టువీడక సాధన చేసి ఆ డిసెంబరులోనే టెస్టుల్లో అడుగుపెట్టారు. 1962 మార్చిలో వెస్టిండీస్‌లో సారథి నారీ కాంట్రాక్టర్ తలకు బంతి తగలడంతో 21 ఏళ్లకే పగ్గాలు చేపట్టారు.

గాయాలు ఆయనను వీడలేదు. 1967-68లో తొడ కండరం గాయంతో కుంటుతూనే మెల్‌బోర్న్‌లో 75, 85 పరుగులు సాధించారు. అనంతరం న్యూజిలాండ్‌ను 3-1తో ఓడించి విదేశాల్లో భారత్‌కు తొలి సిరీస్ విజయం అందించారు. 1974లో బెంగళూరులో వేలికి గాయమై ఒక టెస్టుకు దూరమైనా, తిరిగొచ్చి కలకత్తాలో జట్టును గెలిపించారు. 46 టెస్టుల్లో 40 టెస్టులకు ఆయనే సారథి.

రాజకీయాలు మాత్రం కలిసిరాలేదు. 1971లో విశాల్ హర్యానా పార్టీ తరఫున గుర్గావ్‌లో, 1991లో కాంగ్రెస్ తరఫున భోపాల్‌లో లోక్‌సభకు పోటీచేసి ఓటమి చవిచూశారు. 2011 సెప్టెంబరు 22న ఢిల్లీలో తుదిశ్వాస విడిచారు. ఆయన అభీష్టం మేరకు కుటుంబ సభ్యులు నేత్రదానం చేశారు.